మేస్త్రీ ఇటుక మొయ్యడు

12 జూన్ 2024, బుధవారం
పుప్పాలగూడ

క్రెయిగ్ జోర్డన్ పోయాడని పొద్దున ఆఫీసు గ్రూపులో చూశాను. తొమ్మిదో తారీఖున పోయాడట. మా టీములో సగం మందికి ఆ పేరు తెలియదు. ఆయన చేసిన పని మాత్రం మా ఫ్రిజ్ మీద మందుల డబ్బాలో ఉంది. చెకప్ కోసం కరీంనగర్ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్న పిన్ని రోజూ రాత్రి అన్నం తిన్నాక వేసుకునే టామాక్సిఫెన్ బిళ్ళ అది.

ఆ మందు కథ తమాషాగా ఉంటుంది. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ 1962లో తయారుచేసింది. వాళ్ళు వెతుకుతున్నది గర్భం రాకుండా ఆపే మాత్ర కోసం. ఎలుకల్లో ఆపింది కూడా. తీరా ఆడవాళ్ళకిస్తే అండం విడుదలవడానికి సాయం చేసింది! అటకెక్కాల్సిన ఆ పదార్థాన్ని 1970ల్లో జోర్డన్ పట్టుకుని, ఎలుకల్లో రొమ్ము గడ్డలు రాకుండా ఆపుతుందని చూపించాడు. 1977లో అమెరికాలో అనుమతి దొరికింది. ఇవాళ మన దేశంలో అతి చవకైన కేన్సర్ మందుల్లో ఇదొకటి.

"ఐదేండ్లా, పదేండ్లా?" అని పిన్ని ప్రతి చెకప్‌లోనూ అడుగుతుంది. 2012లో అట్లాస్ అనే పెద్ద పరిశీలన ఫలితాలు వచ్చినప్పటి నుంచి పదేళ్ళ మాట వినిపిస్తోంది. డాక్టరేమో "ముందు ఐదు కానీయండమ్మా, తర్వాత చూద్దాం" అంటాడు. ఆ జవాబు పిన్నికి నచ్చదు. నా దృష్టిలో నిజాయితీ గల జవాబు అదే.

16 జూన్, ఆదివారం

పాప పడుకుంది. పిన్ని ఫైలు ముందేసుకుని కూర్చున్నాను.

ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) పాజిటివ్, 8/8. పీఆర్ (ప్రొజెస్టిరాన్ రిసెప్టర్) పాజిటివ్, 7/8. హర్2 నెగటివ్. కీ-67, 14 శాతం. వీటి కింద స్లైడు ఫొటో ఒకటి అతికించారు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్న కేంద్రకాలకు గోధుమరంగు, లేనివాటికి నీలం. కుడివైపు గడ్డ: నీలమన్నది లేదు, చింతగింజలు పరిచినట్టు గోధుమే. అందరూ చూసేది అటే. నేను చూస్తూ ఉండిపోయింది ఎడమ మూల. అక్కడ గడ్డ ఇంకా అంటని మామూలు పాలనాళం ఒకటి అడ్డకోతలో ఉంగరంలా పడింది. దాని గోడలో గోధుమ కేంద్రకం అక్కడొకటి, ఇక్కడొకటి. వాటి మధ్య అన్నీ నీలమే.

ఈస్ట్రోజెన్ వస్తే రొమ్ము పెరుగుతుందని బళ్ళోనే చదువుకున్నాం. అంటే ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే రిసెప్టర్ ఏ కణంలో ఉంటే ఆ కణమే విభజన చెందాలి కదా? చెందదు. మాంచెస్టర్‌లో క్లార్క్, ఆండర్సన్ బృందం ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళ రొమ్ము కణజాలంలో రిసెప్టర్‌కు ఒక రంగు, విభజనకు గుర్తైన కీ-67కు ఇంకో రంగు వేసి చూసింది. 1997లో అచ్చయిన పని. రెండు రంగులూ ఒకే కణంలో కలిసి కనబడడమే అరుదు. విభజన చెందే కణం రిసెప్టర్ ఉన్నదాని పక్కది!

మా బాల్కనీకి ఎదురుగా టవరు లేస్తోంది, పుప్పాలగూడలో ఎవరి బాల్కనీకైనా ఇప్పుడు ఇదే దృశ్యం. ఇంజనీరు మాట వినేది మేస్త్రీ. ఇటుక మోసేది, మాలు కలిపేది మేస్త్రీ కాదు, అతను కేకేస్తే కదిలే కూలీలు. రిసెప్టర్ ఉన్న కణం ఆ మేస్త్రీ. ఈస్ట్రోజెన్ వచ్చి చేరగానే ఆంఫిరెగులిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. అది పుట్టిన కణం పొరకే అతుక్కుని ఉంటుంది. ఆడమ్17 అనే ఎంజైము కోసి వదిలితే గానీ బయటపడదు. బయటపడ్డాక తిన్నగా పొరుగు కణం దగ్గరికి కూడా పోదు. నాళం చుట్టూ ఉన్న బంధన కణజాలానికి వెళ్ళి అక్కడి ఈజీఎఫ్ రిసెప్టర్‌ను తాకుతుంది. ఆ కణజాలం ఎఫ్‌జీఎఫ్ రకం ప్రొటీన్లను నాళం వైపు పంపిస్తుంది. అప్పుడు నాళం చివర కణాలు రెండవడం, కొవ్వులోకి కొమ్మ సాగడం. ఎలుకల్లో ఒక్కో ప్రొటీన్‌నూ తీసేసి చూసి ఈ దారంతా పట్టుకున్నారు. ప్రొజెస్టిరాన్‌దీ ఇదే పద్ధతి. అది తాకిన కణం ర్యాంక్ లిగాండ్, వింట్4 అనే రెండు ప్రొటీన్లను పక్కవాళ్ళకు పంపుతుంది.

ఇంత చుట్టుతిరుగుడు ఎందుకని చాలాసేపు ఆలోచించాను. ఈ హార్మోన్లు నెలనెలా వచ్చేవి, పన్నెండో పదమూడో ఏట మొదలై యాభై దాకా. ఆజ్ఞ విన్న కణమే రెండైతే, వినేవాళ్ళు రెట్టింపు. వచ్చే నెల వాళ్ళు నాలుగు. కొన్నేళ్ళకు ఏమవుతుందో ఫొటో కుడివైపు చూస్తే తెలుస్తుంది. వినడం ఒకరికి, పెరగడం ఒకరికి పంచిపెట్టడమే ఈ అవయవానికి పెద్ద రక్షణ అని నా లెక్క. పిన్ని గడ్డలో ఆ పంపకం పోయింది. మేస్త్రీలే ఇటుకలు మోస్తున్నారు, పైగా మేస్త్రీలనే కంటున్నారు. టామాక్సిఫెన్ ఆ రిసెప్టర్‌లో ఈస్ట్రోజెన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది.

పిన్నికి ఇదంతా చెప్పాను. "మరి మాలో మేస్త్రీకి పనిజెయ్య బుద్ధి ఎట్ల పుట్టింది?" అంది. జవాబు ఒక్క ముక్కలో లేదు.

28 జూన్, శుక్రవారం

ఆఫీసులో తల్లుల గది నాలుగో అంతస్తులో. తలుపుకు గడియ ఉంది, కుర్చీ ఉంది, ఫ్రిజ్ ఉంది. ప్లగ్ పాయింటు మాత్రం కుర్చీకి ఆ మూల. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచారు కాబట్టి ఆ మాత్రం గడిపి రాగలిగాను. ఇప్పుడు ఈ పంపు.

నేను రోజంతా చూసేది రొమ్ము కణాల డేటానే. ఒక్కో కణంలో ఏ జన్యువు ఎంత పలుకుతోందో చూపే పట్టికలు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళకు అవి తెర మీద రంగు చుక్కల గుంపులు. పాలిచ్చే కణాల గుంపును వాళ్ళు "ఆ కింది ఎర్ర గుంపు" అంటారు. అందులో బీటా కేసీన్ జన్యువు ఎంత పలుకుతుందంటే, మిగతావన్నీ కనబడాలంటే దాన్ని కాసేపు పక్కన పెట్టాల్సిందే.

కేసీన్‌ను అంతగా పలికించేది స్టాట్5. 1994లో బెర్న్‌డ్ గ్రోనర్ బృందం దీన్ని పాలిచ్చే గొర్రె పొదుగు నుంచి పట్టుకుంది. ప్రొలాక్టిన్ వచ్చి కణం పైన తన రిసెప్టర్‌కు తగులుకుంటే, లోపలివైపు జాక్2 అనే ఎంజైము స్టాట్5 మీద 694వ స్థానంలో ఉన్న టైరోసిన్‌కు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆ తగిలింపుతో రెండు స్టాట్5లు జంటకడతాయి, కేంద్రకంలోకి వెళ్ళి కేసీన్ జన్యువు ముందు కూర్చుంటాయి. 1997లో హెన్నిగ్‌హౌసెన్ బృందం స్టాట్5ఏ లేని ఎలుకల్ని పుట్టించింది. పెరిగాయి, కట్టాయి, ఈనాయి. పిల్లలకు పాలివ్వలేకపోయాయి.

కడుపుతో ఉన్నప్పుడు ప్రొలాక్టిన్ కావలసినంత ఉన్నా పాలు దిగవు, ప్రొజెస్టిరాన్ అడ్డం కాబట్టి. మాయ పడిపోతే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. రెండుమూడు రోజులకు పాలు పడతాయి. పురుడైన రెండో రోజు నేను ఏడుస్తూ కూర్చుంటే అత్తమ్మ "మూడో నాడు జూడు బిడ్డా" అన్నది ఈ ప్రొజెస్టిరాన్ లెక్కే.

ఇంకొకటి రాసిపెట్టుకోవాలి. మా దగ్గరికొచ్చే డేటాలో సగానికి పైగా ప్లాస్టిక్ గిన్నెల్లో పెంచిన కణాలది. అందరూ వాడేది ఎమ్‌సీఎఫ్-7. 1970లో మిషిగన్‌లో ఒక నన్ దేహం నుంచి తీసిన కణాల వంశం, ఇప్పటికీ లోకమంతా పెరుగుతోంది. అది పనికిరాదనను. కానీ మీనా బిస్సెల్ ఎప్పుడో చూపించింది: పాల కణాన్ని తీసి బల్లపరుపు ప్లాస్టిక్ మీద పరిస్తే ప్రొలాక్టిన్ ఎంత పోసినా కేసీన్ చేయడం మానేస్తుంది. లామినిన్ ఉన్న మెత్తటి జెల్‌లో పెడితే గుండ్రంగా చేరి, నడుమ ఖాళీ చేసుకుని, అందులోకి పాలు వదులుతుంది. హార్మోన్ అదే, కణం అదే. కింద ఆనుకున్నది వేరు. 1997లో ఆమె బృందమే కేన్సర్ కణాల మీద బీటా1 ఇంటెగ్రిన్‌ను యాంటీబాడీతో కట్టడి చేస్తే అవి పద్ధతిగా గుండ్రంగా చేరాయని చూపింది. జన్యువుల్లో తప్పులు ఎక్కడివక్కడే ఉన్నా నడవడిక మారింది. మీటింగులో ఇది చెబితే "ఇంట్రెస్టింగ్" అని తర్వాతి స్లైడుకు వెళ్ళారు.

7 జూలై, ఆదివారం

గోల్కొండ బోనాలు ఇవాళ మొదలు. మేం వెళ్ళలేదు, పాపకు జలుబు.

అత్తమ్మతో పాల కొట్టం దాకా నడిచాను. బండల వెనక, రెండు గేటెడ్ కాలనీల గోడల నడుమ ఇంకా ఒకాయన బర్రెల్ని పెట్టుకుని ఉన్నాడు. నార్సింగి సంతలో కొన్నవేనట. అత్తమ్మ ప్యాకెట్ పాలను పాలనదు.

దూడను విడిచాడు. అది పోయి పొదుగును తలతో రెండు కుమ్ములు కుమ్మి చన్ను పట్టింది. బర్రె చెవులు వాలేసింది. కాసేపటికి, అంతదాకా మడతలు పడి ఉన్న చన్నులు నిండి నిగారించాయి. "చేపింది" అని దూడను లాగి గుంజకు కట్టేసి, మోకాళ్ళ మధ్య బకెట్ పెట్టుకున్నాడు. మొదటి ధార టంగుమంది, ఆ తర్వాత నురగలో చప్పుడు పోయింది.

బర్రె పొదుగులో పాలు దాదాపు 95 శాతం చిన్నచిన్న తిత్తుల్లోనే ఉంటాయి, చన్ను పైన నిలవ ఉండేది చాలా తక్కువ. ఆవుకు ఆ నిలవ ఇంతకంటే ఎక్కువ. అందుకే ఆవు చేపకపోయినా కొన్ని పాలు పిండుకోవచ్చు, చేపని బర్రె దగ్గర ఏమీ దొరకవు. తిత్తి లోపలి వరస కణాలు పాలు చేస్తాయి. వాటిని బయటి నుంచి చుట్టుకుని ఇంకో రకం కణాలుంటాయి, కండరంలా బిగుసుకోగలవి. రెండూ ఒక్క మూలకణం సంతానమే అయి ఉండొచ్చు. 2006లో ఆస్ట్రేలియాలో విస్వాడర్, లిండెమన్ బృందం ఎలుకలో ఒకే ఒక్క మూలకణాన్ని నాటి మొత్తం క్షీరగ్రంథిని మొలిపించింది, పాలు కూడా వచ్చాయి. పాల కణంగా మారాలంటే గాటా3, ఎల్ఫ్5 వంటి ప్రొటీన్లు నిలబడి ఉండాలి. గాటా3ని తీసేస్తే పెద్దయిన కణం కూడా తన పని మరచి పసికణంలా మారుతుంది. బయటి వరస కణాల దారి వేరు, అవి వినేది ఆక్సిటోసిన్‌ను.

దూడకు బదులు సూది వేసేవాళ్ళు వేసేదీ ఆక్సిటోసినే. అడిగాను. "మా దగ్గర లేదమ్మా" అన్నాడు. అత్తమ్మ దూడ వైపు, దాని డొక్కల వైపు చూసి నమ్మింది. కేంద్రం 2018 ఏప్రిల్‌లో దీని తయారీని ఒకే ప్రభుత్వ సంస్థకు పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడు డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. పురిట్లో రక్తస్రావం ఆపడానికి అంతకంటే అక్కరకొచ్చే మందు లేదు మరి. సూదితో పాలు ఎక్కువ తయారవుతాయని జనం అనుకుంటారు. ఆక్సిటోసిన్ తిత్తిని పిండుతుంది, అంతే. పాలు చేసేది ప్రొలాక్టిన్, స్టాట్5ల లెక్క. పిండగా పిండగా ఖాళీ అయితే మళ్ళీ నిండుతుంది గనుక కొంత పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారన్న భయానికి నాకు ఆధారం కనబడదు. తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క అది, పేగుల్లో అరిగిపోతుంది. నాకు కోపం దూడను చంపుకుని సూదితో సరిపెట్టే పద్ధతి మీద.

13 జూలై, శనివారం

టీములో ఒకమ్మాయి లంచ్‌లో నెమ్మదిగా అడిగింది. వాళ్ళక్కకు 34 ఏళ్ళు, ట్రిపుల్ నెగటివ్ అని వచ్చింది. ఈఆర్, పీఆర్, హర్2 మూడూ లేవు. బీఆర్‌సీఏ1 పరీక్ష చేయించమన్నారట. తనూ చేయించుకోవాలా?

పాశ్చాత్య దేశాల్లో ట్రిపుల్ నెగటివ్ నూటికి పది పదిహేను. మన దగ్గర దాదాపు మూడో వంతు. వయసు కూడా వాళ్ళకంటే సుమారు పదేళ్ళు ముందే. రెడ్‌హిల్స్‌లో ఎమ్మెన్జే కేన్సర్ ఆసుపత్రి వరండాలో ఒక పూట కూర్చుంటే ఈ లెక్క పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

రాత్రి పాత కాగితాలు తిరగేశాను. బీఆర్‌సీఏ1 పదిహేడో క్రోమోజోమ్ మీద ఉందని 1990లో మేరీ క్లెయిర్ కింగ్ చెప్పింది, 1994లో జన్యువు చేతికొచ్చింది. 1863 అమైనో ఆమ్లాల ప్రొటీన్. ఆ తర్వాత అది కణంలో ఏం చేస్తుందన్న వెతుకులాటలో ఇద్దరి పేర్లు మళ్ళీ మళ్ళీ తగిలాయి: వీణా రావు, ఇ. శ్యామ్ రెడ్డి. చదవగానే మనవాళ్ళే అనిపించే పేర్లు. 1989లో ఎల్క్ జన్యువులను బయటపెట్టిన బృందంలో ఇద్దరూ ఉన్నారు. తర్వాత అట్లాంటాలో మోర్‌హౌస్ వైద్య కళాశాలలో చాలాకాలం బీఆర్‌సీఏ1 మీదే పనిచేశారు. 1997లో ఆంకోజీన్ పత్రికలో వాళ్ళ పేపరు ఒకటి ఇప్పటికీ చదివించేలా ఉంది. కణానికి సీరం, అంటే పెరగమని చెప్పే పోషక ద్రవం, లేకుండా చేస్తే బీఆర్‌సీఏ1 కేంద్రకంలోకి చేరుతుంది. దాని పొట్టి రూపాలు బీఆర్‌సీఏ1ఏ, బీఆర్‌సీఏ1బీ రెండూ ఈ2ఎఫ్‌తో, సైక్లిన్‌లతో, వాటి వెంట ఉండే కైనేజులతో చేతులు కలిపి ఉంటాయి. అవన్నీ కణం రెండవాలా వద్దా అని తేల్చే ప్రొటీన్లే. తెగిన డీఎన్‌ఏను అతికే పనిమంతురాలిగా బీఆర్‌సీఏ1కు పేరు ముందే వచ్చేసింది. విభజన దగ్గర కూడా దానికి చోటుందని ఆ పేపరు గుర్తుచేస్తుంది.

ఒంట్లో ప్రతి కణంలో ఉండే ఈ జన్యువు దెబ్బతింటే రొమ్ము, అండాశయాలే ఎందుకు ఎక్కువ బలవుతాయి? పూర్తి జవాబుకు దగ్గరగా వెళ్ళిన పని రెండు మెట్లలో జరిగింది. 2008లో మాక్స్ విచా బృందం, బీఆర్‌సీఏ1ను తగ్గిస్తే రొమ్ము మూలకణాలు పనిమంతులుగా మారడం ఆగి అలాగే పోగుపడతాయని చూపింది. 2009లో మెల్‌బోర్న్‌లో విస్వాడర్, లిండెమన్ బృందం ఆ జన్యులోపం ఉన్న ఆడవాళ్ళ కణజాలంలో లూమినల్ ముందుకణాలు అసహజంగా ఉన్నాయని పట్టుకుంది. ట్రిపుల్ నెగటివ్ గడ్డలు పోలింది వాటినే. అంటే పని నేర్చుకునే వయసులో ఆగిపోయిన కణాలు. పెరుగుదల ఎక్కువై వచ్చిన జబ్బు అని అందరం అంటాం. నాకైతే ఎదగకపోవడం వల్ల వచ్చిన జబ్బుగా కనిపిస్తోంది.

ఆ అమ్మాయికి చెప్పింది ఇంతే. ముందు అక్క పరీక్ష ఫలితం రానీ. అందులో లోపం తేలితే నీకూ ఉండే అవకాశం సగానికి సగం. ఉన్నవాళ్ళకు 80 ఏళ్ళ లోపు రొమ్ము కేన్సర్ వచ్చే అవకాశం దాదాపు 70 శాతం. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర కూర్చోకుండా పరీక్షకు రక్తం ఇవ్వకు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారట తనకు. అందుకే ఇంట్లో పరీక్ష మాటెత్తనివ్వడం లేదు.

25 జూలై, గురువారం

సైక్లిన్ డీ1 లేని ఎలుకలు 1995లో పుట్టాయి. కడుపుతో ఉన్నప్పుడు వాటి క్షీరగ్రంథి నిండదు. 2001లో అవే ఎలుకలకు హర్2 జన్యువు ఎక్కించినా రొమ్ము కేన్సర్ రాలేదు. ఆ సైక్లిన్‌తో జతగా పనిచేసే సీడీకే4, 6లను ఆపే పాల్బోసిక్లిబ్ 2015లో వచ్చింది. మన దగ్గర 2023 జనవరిలో పేటెంటు ముగిసి చవక రకాలు దిగాయి. అంతకుముందు ధర విని మందు మానేసినవాళ్ళ గురించి రాయబోయి ఆగిపోయాను. నిద్ర వస్తోంది.

4 ఆగస్టు, ఆదివారం

తల్లిపాల వారోత్సవాలు. లిఫ్టులో పోస్టరు అంటించారు.

బెంగళూరులో రెండు రోజుల ట్రైనింగు. వెళ్ళాలి. పాపకు డబ్బాపాలు సరిపెట్టవచ్చు, సమస్య నా వైపు.

ఎలుక పిల్లల్ని తల్లి నుంచి తీసేస్తే పాలు తిత్తుల్లో నిలిచిపోతాయి. 48 గంటల లోపు పిల్లల్ని తిరిగి వదిలితే పాలు మళ్ళీ మొదలు. అది దాటితే మొదలుకావు. ఆ గడువులో లిఫ్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, స్టాట్5 తగ్గి స్టాట్3 లేస్తుంది. 2011లో కేంబ్రిడ్జ్‌లో క్రిస్టీన్ వాట్సన్ బృందం చూపినట్టు, కణం లోపలి లైసోజోములు చిట్లి వాటి ఎంజైములే కణాన్ని చంపుతాయి. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది 1997 నాటి ఇంకో ప్రయోగం: ఎలుకకు కొన్ని చన్నులు మాత్రం మూసేశారు. పిల్లలు మిగతావి తాగుతూనే ఉన్నాయి, రక్తంలో ప్రొలాక్టిన్ అంతటికీ ఒకటే. మూసినవి మాత్రమే వట్టిపోయాయి. ఆజ్ఞ పైనుంచి వస్తూనే ఉన్నా, పాలు కదలడం లేదన్న కబురు ఆ గ్రంథిలోనే పుట్టి అక్కడే అమలైపోయింది.

అత్తమ్మకు చెబితే పప్పు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "మూడు చన్ల బర్రెకు సంతల సగం ధర. నాలుగోది ఒక్కపారి పొయ్యిందంటే ఆ ఈతకు పోయినట్టే. గిది జూడనీకి ఎలుకలెందుకు?"

మనుషుల్లో గడువు అంత బిగువుగా ఉండదు, ఆగిన పాలను కష్టపడి మళ్ళీ తెప్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఏడాది పాలిస్తే రొమ్ము కేన్సర్ ముప్పు 4.3 శాతం తగ్గుతుందన్న 2002 లాన్సెట్ లెక్క కూడా తెలుసు. నేను లెక్క కోసం ఇవ్వడం లేదు, పాప తాగుతుంది కాబట్టి ఇస్తున్నాను.

హోటల్లో ఫ్రిజ్ ఉన్న గది అడిగాను. అజెండాలో 11కు, 4కు అరగంట ఖాళీ పెట్టమని మేనేజరుకు మెయిల్ రాశాను. కారణం ఏం వేయమంటారు మేడమ్ అని జవాబొచ్చింది. స్టాట్3 అని వేయండి అన్నాను.